మందు చవకే, దాని దగ్గరికి వెళ్లే దారే ఖరీదు

డిగ్రీ చివరి పరీక్ష రాసిన విద్యార్థి చేతిలో కాలేజీ ఒక కాగితం పెడుతుంది. లైబ్రరీ పుస్తకాలు తిరిగిచ్చినట్టు ఒక సంతకం, ల్యాబులో గాజు సామాను పగలగొట్టనందుకు ఒకటి, మెస్ బిల్లు కట్టినందుకు ఇంకొకటి. బకాయిలు లేవని ఇన్ని సంతకాలు పడితే తప్ప సర్టిఫికెట్లు చేతికి రావు. రెండేళ్లుగా క్యాంపస్ కౌన్సెలర్ దగ్గరికి వెళుతూ, క్యాంపస్ ఆసుపత్రికి వారానికోసారి వచ్చే డాక్టరు రాసిన మాత్రలు వేసుకుంటున్న విద్యార్థికి మాత్రం ఆ కాగితంలో ఒక గడి తక్కువ. ఇకపై ఈ వైద్యం ఎవరు చూస్తారు అన్న గడి.

మానసిక సమస్యల్లో ఎక్కువ భాగం ఇరవై అయిదేళ్లలోపే మొదలవుతాయి. చదువు ముగిసేదీ ఆ వయసులోనే. హాస్టల్ గది, స్నేహితులు, క్యాంపస్ డాక్టరు, తండ్రి పేరు మీద ఉన్న బీమా, వీటిలో ఒకటో రెండో అదే ఏడాది పోతాయి. జీతం ఇంకా మొదలై ఉండదు. అప్పుడు ఎదురయ్యే ప్రశ్న వైద్యానికి సంబంధించింది కాదు, డబ్బుకు సంబంధించింది: నెలనెలా ఇది ఎంతవుతుంది? చాలామంది మాత్ర ధర చూసి భయపడతారు. లెక్క వేస్తే ఈ మొత్తంలో మాత్రది చిన్న వాటా. మాత్రకూ మనిషికీ మధ్య ఉన్న బస్సు, క్యూ, పోయిన రోజు కూలి, చీటీ మీద డాక్టరు రాయని ఒక్క వాక్యం, ఇవే అసలు ఖర్చు.

గేటు లోపల బాధ్యత ఉంది, బయట?

2025 జులై 25న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఒకటి ఈ చర్చకు దగ్గరది. విశాఖపట్నంలో నీట్ శిక్షణ పొందుతూ 2023లో మరణించిన పదిహేడేళ్ల విద్యార్థిని కేసు అది. దర్యాప్తును సీబీఐకి అప్పగిస్తూ, దేశంలోని విద్యాసంస్థలన్నింటికీ, కోచింగ్ కేంద్రాలూ హాస్టళ్లతో సహా, కోర్టు పదిహేను మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో అర్హత కలిగిన కౌన్సెలరో, సైకాలజిస్టో, సామాజిక కార్యకర్తో కనీసం ఒకరు ఉండాలన్నది అందులో ముఖ్యమైనది. అంతకంటే చిన్న సంస్థలు బయటి నిపుణులతో ఏర్పాటు చేసుకోవాలి.

ఇది అవసరమైన తీర్పే. కానీ దాని చూపు విద్యార్థి మీద ఉంది. విద్యార్థి కాని రోజు వచ్చాక ఆ కౌన్సెలర్‌కు అతనితో సంబంధం లేదు. ఆసుపత్రులు ఒక రోగిని ఇంకో ఆసుపత్రికి పంపేటప్పుడు రెఫరల్ చీటీ రాయడం ఆనవాయితీ. కాలేజీ కౌన్సెలింగ్ గదులకు ఆ ఆనవాయితీ ఇంకా అబ్బలేదు.

ఎవరు మాట్లాడతారు, ఎవరు మందు రాస్తారు

బయటికొచ్చాక మొదటి తికమక పేర్ల దగ్గరే. సైకియాట్రిస్టు ఎంబీబీఎస్ తర్వాత మానసిక వైద్యంలో ఎండీ, డీఎన్‌బీ లేదా డిప్లొమా చేసిన డాక్టరు. జబ్బు నిర్ధారించి మందు రాస్తారు. క్లినికల్ సైకాలజిస్టు మనస్తత్వశాస్త్రంలో ప్రత్యేక శిక్షణ పొంది భారత పునరావాస మండలిలో నమోదైన నిపుణులు. పరీక్షలు చేస్తారు, మాటల ద్వారా చికిత్స చేస్తారు, మందు రాయరు. కౌన్సెలర్ అన్న మాటకు మన దగ్గర ఇంకా గట్టి హద్దు లేదు. రెండేళ్ల పీజీ చేసినవారూ, మూడు నెలల ఆన్‌లైన్ కోర్సు చేసినవారూ ఒకే బోర్డు పెట్టుకోగలరు.

ఈ తేడా ఖర్చును నేరుగా మారుస్తుంది. మందుతో నిలకడగా ఉన్న మనిషికి నెలకో రెండు నెలలకో పది నిమిషాల డాక్టరు సమయం చాలు. మాటల చికిత్స అవసరమైన మనిషికి వారానికో గంట కావాలి, నగరాల్లో ఆ గంటకు వెయ్యి రూపాయలు దాటడం మామూలు. ప్రభుత్వ రంగంలో మందు దొరికినంత సులువుగా ఆ గంట దొరకదు. ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రిలోనో, బెంగళూరులోని జాతీయ మానసిక వైద్య సంస్థ నిమ్‌హాన్స్‌లోనో సైకాలజీ విభాగాలు ఉన్నాయి గానీ, జిల్లా స్థాయికి వచ్చేసరికి ఆ నిపుణులు అరుదు. తక్కువ ఖర్చులో వైద్యం దొరుకుతుంది అన్నప్పుడు మనం ఎక్కువగా మందు గురించే మాట్లాడుతున్నామని ఒప్పుకోవాలి.

ప్రభుత్వ వైద్యం ఎక్కడెక్కడ ఉంది

నిమ్‌హాన్స్ 2015-16లో చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం పెద్దవాళ్లలో నూటికి 10.6 మందికి ఆ సమయంలో ఏదో ఒక మానసిక సమస్య ఉంది. జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదు. లక్ష జనాభాకు ఒక సైకియాట్రిస్టు కూడా లేని దేశం మనది. ఉన్నవాళ్లు కూడా నగరాల్లోనే గుమిగూడి ఉన్నారు.

తెలుగు రాష్ట్రాల్లో ప్రభుత్వ మానసిక వైద్యమంటే జనానికి గుర్తొచ్చేవి రెండు: హైదరాబాద్ ఎర్రగడ్డ, విశాఖ చినవాల్తేరు. ఎర్రగడ్డ అన్న ఊరి పేరునే తిట్టుగా వాడిన సమాజం మనది. చదువుకున్న కుర్రాడు అక్కడ ఓపీ చీటీ తీసుకోవడానికి వెనకాడేది క్యూ చూసి కాదు, ఆ పేరు చూసి. నిజానికి అక్కడికే వెళ్లాల్సిన అవసరం చాలామందికి లేదు. ప్రతి ప్రభుత్వ వైద్య కళాశాల బోధనాసుపత్రిలో సైకియాట్రీ విభాగం ఉంటుంది. హైదరాబాద్‌లో ఉస్మానియా, గాంధీ, వరంగల్ ఎంజీఎం, కాకినాడ, గుంటూరు, కర్నూలు పెద్దాసుపత్రులు, తిరుపతి రుయా, ఇలా. మంగళగిరి, బీబీనగర్ ఎయిమ్స్‌లలోనూ ఉంది. మామూలు ఆసుపత్రి గేటులోంచే లోపలికి వెళతారు కాబట్టి, పళ్ల డాక్టరు కోసం వచ్చారో దీనికోసం వచ్చారో చూసేవాళ్లకు తెలియదు. వినడానికి చిన్న విషయంగా ఉంటుంది గానీ, చికిత్స కొనసాగుతుందా ఆగిపోతుందా అన్నది కొందరి విషయంలో దీని మీదే తేలుతుంది.

వీటికి కింద జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం ఉంది. నిమ్‌హాన్స్ కర్ణాటకలోని బళ్లారిలో చేసిన ప్రయోగం నమూనాగా 1996లో మొదలై, ఇప్పుడు దేశంలో దాదాపు అన్ని జిల్లాలకూ విస్తరించింది. కాగితం మీద జిల్లా ఆసుపత్రిలో ఒక సైకియాట్రిస్టు, ఒక సైకాలజిస్టు, నర్సు ఉండాలి. వాస్తవంలో కొన్నిచోట్ల పోస్టులు ఖాళీ, కొన్నిచోట్ల వారంలో ఫలానా రోజే ఓపీ. తెలియకుండా వెళ్లినవాళ్లకు ఒక రోజు వృథా.

ఫోనులో దొరికేది టెలీ మానస్. 2022 అక్టోబరు 10న మొదలైంది, 14416 నంబరు, రాత్రీపగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు, డబ్బు కట్టనక్కర్లేదు. ముందు శిక్షణ పొందిన కౌన్సెలర్ వింటారు, అవసరమైతే పైస్థాయి నిపుణుడికి కలుపుతారు. ఆత్మహత్య ఆలోచనలు వస్తున్నవారికి అర్ధరాత్రి తెలుగులో మాట్లాడే మనిషి దొరకడం దీనితో తేలికైంది. నెలనెలా మాత్రలు రాసే డాక్టరు స్థానాన్ని మాత్రం ఇది పూరించదు. దగ్గరలో ఏ ప్రభుత్వాసుపత్రిలో ఏ సేవ ఉందో చెప్పించుకోవడానికి పనికొస్తుంది.

‘ఉచితం’ అని చట్టం ఎక్కడ రాసింది

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. దాని 18వ సెక్షన్ మానసిక వైద్యాన్ని హక్కుగా ప్రకటించింది. ఆ సెక్షన్‌లోనే, అత్యావశ్యక మందుల జాబితాలో ఉన్న మందులన్నీ సామాజిక ఆరోగ్య కేంద్రం మొదలుకొని పైస్థాయి ప్రభుత్వాసుపత్రులన్నింటిలో అన్ని వేళలా ఉచితంగా అందుబాటులో ఉంచాలని ఉంది. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి, చేతిలో కార్డు ఉన్నా లేకున్నా, ప్రభుత్వ సంస్థల్లో చికిత్సే ఉచితం.

‘అత్యావశ్యక మందుల జాబితా’ అన్న మాట కీలకం. జాతీయ జాబితాను చివరిసారి 2022లో సవరించారు. అందులో కుంగుబాటుకు వాడే ఫ్లూయాక్సెటిన్, ఎస్సిటలోప్రామ్, అమిట్రిప్టిలిన్ ఉన్నాయి. మనసు అతి ఉత్సాహానికీ కుంగుబాటుకూ మధ్య ఊగే బైపోలార్ జబ్బుకు వాడే లిథియం, సోడియం వాల్‌ప్రోయేట్, తీవ్రమైన మానసిక వ్యాధులకు వాడే రిస్పెరిడోన్, హాలోపెరిడాల్, క్లోజపిన్ ఉన్నాయి. అంటే కాలేజీ డాక్టరు రాసిన మందు ఈ వరుసలో ఉంటే ప్రభుత్వ మందుల కౌంటర్లో దొరికే అవకాశం ఎక్కువ. కొత్తగా వచ్చిన ఖరీదైన మందు అయితే దొరికే అవకాశం తక్కువ. ఒకే జబ్బుకు పాత మందూ కొత్త మందూ రెండూ పనిచేసే సందర్భాలు చాలా ఉన్నాయి. కాలేజీ వదిలే ముందే డాక్టరుతో ఈ మాట ఎత్తినవారికి తర్వాతి దారి తేలికవుతుంది.

‘అన్ని వేళలా’ అన్నది మాత్రం చట్టానికీ కౌంటరుకూ మధ్య ఉన్న గొడవ. సరుకు అయిపోతే ‘బయట కొనుక్కోండి’ అంటారు. వచ్చే సరుకు ఎప్పుడో చెప్పరు.

ఒకే మాత్ర, రెండు ధరలు

బయట కొనాల్సి వచ్చినప్పుడు జనరిక్ మాట వస్తుంది. మందు అసలు పేరు ఒకటి, కంపెనీ పెట్టుకున్న పేరు ఇంకొకటి. ఎస్సిటలోప్రామ్ అన్నది మందు. మెడికల్ షాపులో అడిగే పేర్లు డజన్లకొద్దీ బ్రాండ్లు. జన ఔషధి దుకాణాల్లో అసలు పేరుతోనే అమ్ముతారు. బ్రాండ్ ధరలతో పోలిస్తే 50 నుంచి 90 శాతం వరకు తక్కువ అని ప్రభుత్వం చెబుతుంది. 2025 ఆరంభానికి దేశంలో ఇవి పదిహేను వేలు దాటాయి. మానసిక వైద్యంలో రోజూ వాడే చాలా మందులు వాటి జాబితాలో ఉన్నాయి, ప్రతి దుకాణంలో ప్రతి మందూ ఉండకపోయినా.

ఇక్కడ నిజమైన వాదం ఒకటి ఉంది. 2023 ఆగస్టులో జాతీయ వైద్య కమిషన్ డాక్టర్లు జనరిక్ పేర్లే రాయాలని నిబంధన తెచ్చి, అదే నెలలో నిలిపివేసింది. డాక్టర్ల సంఘాల అభ్యంతరం ఏమిటంటే, అన్ని కంపెనీల నాణ్యత ఒకటి కాదు, పేరు మాత్రమే రాస్తే ఎంపిక డాక్టరు చేతిలోంచి షాపు కౌంటర్ వెనకున్న మనిషి చేతిలోకి పోతుంది. ఎక్కువ లాభం మిగిలే కంపెనీనే అతను ఇస్తాడు. అటువైపు వాదం కూడా అంతే బలమైనది: బ్రాండ్ అంటే నాణ్యతకు హామీ అన్న నమ్మకం మందుల కంపెనీలు పెంచిందే, ఆ నమ్మకానికి ధర కట్టేది రోగి. నా దృష్టిలో ఈ తగాదాలో మందును బట్టి జవాబు మారుతుంది. ఎస్సిటలోప్రామ్ లాంటి వాటిలో కంపెనీ మారినా పెద్దగా ఇబ్బంది ఉండదు. లిథియం విషయం వేరు. రక్తంలో దాని మోతాదు కొంచెం తగ్గితే పనిచేయదు, కొంచెం పెరిగితే విషం. అలాంటి వాటికి చవకదో ఖరీదుదో ఏదో ఒక కంపెనీ మాత్రకే కట్టుబడి ఉండటం, మార్చాల్సి వస్తే డాక్టరుకు చెప్పి మార్చడం వైద్యులు కోరుకునే పద్ధతి.

నరసన్నపేట నుంచి శ్రీకాకుళం: ఒక నెల లెక్క

ఇప్పుడు లెక్కకు వద్దాం. అంకెలు ఊహించినవి, పోలిక కోసమే. నరసన్నపేటలో ఒక దుకాణంలో రోజుకు 500 రూపాయలకు పనిచేస్తున్న బీటెక్ కుర్రాడు, రోజుకో ఎస్సిటలోప్రామ్ మాత్ర వేసుకుంటున్నాడు అనుకుందాం. డాక్టర్లు శ్రీకాకుళంలో ఉన్నారు. బస్సు, ఆటోలు కలిపి రానూపోనూ 120. డాక్టరు దగ్గరికి వెళ్లిన రోజు పని పోతుంది.

నెలనెలా ప్రైవేటు డాక్టరు దగ్గరికి వెళితే ఫీజు 600, బ్రాండ్ మాత్రలు 300, ప్రయాణం 120, పోయిన కూలి 500. మొత్తం 1,520. అందులో మందు వాటా అయిదో వంతుకు తక్కువే.

ప్రభుత్వాసుపత్రికి వెళితే ఫీజు లేదు, మందు ఉచితం. అయినా ప్రయాణం 120, కూలి 500 కలిపి 620 అవుతుంది.

మూడో దారి: అదే ప్రైవేటు డాక్టరు, కానీ నిలకడగా ఉన్నాడు కాబట్టి మూడు నెలలకోసారి రమ్మన్నారు. ఊళ్లో జన ఔషధి దుకాణంలో నెలకు 90 రూపాయల మాత్రలు. ఫీజు నెలకు 200 చొప్పున పడుతుంది, ప్రయాణం 40, పోయిన కూలి 167, మందు 90. మొత్తం 497. ఉచిత వైద్యం కంటే డబ్బు కట్టిన వైద్యం చవకైంది.

ఇందులో చిన్న మెలిక ఉంది. అతనికి ఇంకా ఉద్యోగం లేదనుకుందాం. పోయే కూలి లేదు. అప్పుడు ప్రభుత్వాసుపత్రి 120, మూడో దారి 330. వరుస తారుమారైంది. అతని బదులు అతని చెల్లెలు అయితే, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి, తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి ఆర్టీసీ బస్సు ఆడవాళ్లకు ఉచితం, ఆటో ఖర్చే మిగులుతుంది. ప్రభుత్వాసుపత్రి ఒకేసారి రెండు నెలల మందు ఇస్తే కుర్రాడి 620 కూడా 310 అవుతుంది. అందుకే ఏది చవక అన్న ప్రశ్నకు అందరికీ ఒకే జవాబు లేదు. ఆ మనిషి రోజు విలువ ఎంత, ఎన్ని రోజులకోసారి వెళ్లాలి, ఈ రెండే తేలుస్తాయి. మాత్ర ధర ఆ తర్వాతే.

చీటీ మీద రాయని వాక్యం

మూడు నెలలకోసారి వెళ్లే దారి సాగాలంటే మందుల షాపు మధ్యలో రెండుసార్లు అదే చీటీకి మందు ఇవ్వాలి. ఇక్కడ జనానికి తెలియని నియమం ఒకటి ఉంది. ఔషధ నియమావళి ప్రకారం, డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాల్సిన షెడ్యూల్ హెచ్‌లోని మందులను ఒక చీటీ మీద ఒక్కసారే ఇవ్వాలి. మళ్లీ ఇవ్వొచ్చని, ఇన్నిసార్లు, ఇంత వ్యవధిలో అని డాక్టరు ఆ చీటీ మీదే రాస్తే తప్ప. కుంగుబాటు మందులు ఈ షెడ్యూల్‌లోనివే. ‘30 మాత్రలు, నెలకోసారి చొప్పున మూడుసార్లు ఇవ్వవచ్చు’ అన్న ఒక్క వాక్యం పై లెక్కలో ఎనిమిది వందల రూపాయలకు పైగా తేడా తెచ్చింది. తెలిసిన షాపువాడు ఈ వాక్యం లేకపోయినా ఇచ్చేస్తాడు, ఎక్కువచోట్ల జరిగేది అదే. కొత్త ఊరికి వెళ్లిన కుర్రాడికి మాత్రం తెలిసిన షాపువాడు ఉండడు.

నిద్రకు, ఆందోళనకు ఇచ్చే ఆల్‌ప్రజోలామ్, డయాజెపామ్, జోల్పిడెమ్ వంటివి ఇంకా కట్టుదిట్టమైన హెచ్1 షెడ్యూల్‌లో ఉన్నాయి. 2014 నుంచి ఇవి అమ్మిన ప్రతిసారీ షాపు రోగి పేరు, డాక్టరు పేరు రిజిస్టర్‌లో రాసి మూడేళ్లు దాచాలి. ఏకాగ్రత లోపానికి వాడే మిథైల్‌ఫెనిడేట్ అన్నింటికంటే కఠినమైన ఎక్స్ షెడ్యూల్‌లో ఉంది. చీటీ రెండు ప్రతుల్లో ఉండాలి, ఒకటి షాపులోనే ఉండిపోతుంది. ప్రత్యేక లైసెన్సు లేని షాపు దాన్ని అమ్మకూడదు. క్యాంపస్ ఉన్న నగరంలో దొరికిన ఆ మందు సొంత జిల్లాలో ఎక్కడా దొరకకపోవడం ఆశ్చర్యం కాదు. ఇలాంటి విద్యార్థికి కాలేజీ ముగిశాక ఎదురయ్యే చిక్కు ధరతో కాదు, దుకాణంతో.

వీడియో ద్వారా డాక్టరును చూడటం ప్రయాణాన్నీ పోయిన కూలినీ చెరిపేస్తుంది. 2020 మార్చి 25న వచ్చిన టెలీమెడిసిన్ మార్గదర్శకాలు దాన్ని చట్టబద్ధం చేశాయి. కానీ ఎక్స్ షెడ్యూల్ మందులు, మాదకద్రవ్యాల చట్టం కిందికి వచ్చేవి వీడియోలో రాయకూడదు. వీడియో వైద్యాన్ని సమర్థించేవారు ఊళ్లలో డాక్టరే లేనప్పుడు తెరమీదైనా ఉండటం మేలంటారు. అనుమానించేవారు మొదటిసారి రోగిని ఎదురుగా చూడకపోతే థైరాయిడ్ లోపాన్ని కుంగుబాటుగా పొరబడే ప్రమాదం ఉందంటారు. ఇద్దరి మాటా నిజమే కాబట్టి, మొదటిసారి నేరుగా, ఆ తర్వాత వీడియోలో చూసే మధ్యేమార్గం చాలామంది వైద్యులు పాటిస్తున్నారు.

బీమా, ఈఎస్ఐ: ఆసుపత్రిలో పడుకుంటే ఒక లెక్క, నడిచి వస్తే ఇంకో లెక్క

మానసిక వ్యాధికి శారీరక వ్యాధితో సమానంగా బీమా ఇవ్వాలని అదే 2017 చట్టం 21వ సెక్షన్ చెబుతుంది. బీమా నియంత్రణ సంస్థ 2018 ఆగస్టులో కంపెనీలకు ఆ ఆదేశం పంపింది, 2022లో మళ్లీ గుర్తుచేసింది. ఇది నిజమైన విజయమే. అయితే మన ఆరోగ్య బీమా పాలసీల్లో ఎక్కువ భాగం ఆసుపత్రిలో చేరినప్పటి ఖర్చుకే. మానసిక వైద్యం తొంభై పాళ్లు ఓపీలో జరిగేది. ఆయుష్మాన్ భారత్ అయిదు లక్షలు, తెలంగాణ ఆరోగ్యశ్రీ పది లక్షలు అన్న అంకెలు కూడా ప్రధానంగా చేరికకు సంబంధించినవే. నెలకు మూడు వందల రూపాయల మాత్రల కోసం చూసే మనిషికి అవి దూరపు కొండలు.

కొత్తగా సొంత పాలసీ తీసుకునేవారికి పాత జబ్బుల నిరీక్షణ కాలం గరిష్ఠంగా మూడేళ్లని 2024లో నియమం మారింది, అంతకుముందు నాలుగేళ్లు ఉండేది. ఉన్న జబ్బు చెప్పకుండా పాలసీ తీసుకుంటే తర్వాత క్లెయిమ్ తిరస్కరించే వీలుంటుంది. ఉద్యోగం ఇచ్చిన కంపెనీ గ్రూపు పాలసీల్లో ఈ నిరీక్షణ సాధారణంగా ఉండదు.

జనం మరిచిపోయేది ఈఎస్ఐ, తక్కువ జీతం ఉన్న ఉద్యోగులకు ప్రభుత్వం నడిపే వైద్య బీమా. పదిమంది, అంతకు పైన పనిచేసే సంస్థల్లో నెల జీతం 21,000 లోపు ఉన్న ఉద్యోగులకు అది వర్తిస్తుంది. తాజా డిగ్రీతో అమీర్‌పేట దగ్గర చిన్న కంపెనీలో 19,000కు చేరిన అమ్మాయిని తీసుకుందాం. జీతంలో 0.75 శాతం, అంటే నెలకు సుమారు 143 రూపాయలు, తెగుతుంది. ఆ కోత చూసి విసుక్కునేవాళ్లే ఎక్కువ. ఉద్యోగంలో చేరిన రోజు నుంచే ఆమెకు వైద్యం మీద హక్కు ఉంది, ఓపీ, మందులు సహా, పాత జబ్బా కొత్త జబ్బా అన్న ప్రశ్న లేకుండా. సనత్‌నగర్‌లో ఈఎస్ఐ వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. ఆమె బైపోలార్‌కు లిథియం వాడుతోందనుకుంటే ఇది చిన్న విషయం కాదు. ఆ మాత్ర చవక, దాని వెంట వచ్చే రక్త పరీక్షలు కావు. రక్తంలో లిథియం ఎంతుందో, మూత్రపిండాలు, థైరాయిడ్ ఎలా ఉన్నాయో అప్పుడప్పుడు చూడాలి. ఏడాది మధ్యలో జీతం 22,000 అయితే వెంటనే హక్కు పోదు. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు, అక్టోబరు నుంచి మార్చి, ఈ రెండు అర్ధ సంవత్సరాల్లో ఏది నడుస్తుంటే కనీసం అది ముగిసేదాకా కొనసాగుతుంది. ఆ గడువు లోపల కంపెనీ గ్రూపు బీమా ఉందో లేదో తేల్చుకునే సమయం దొరుకుతుంది.

తల్లిదండ్రుల్లో ఒకరు కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి అయితే, కొడుక్కి సంపాదన మొదలయ్యేదాకా లేదా పెళ్లయ్యేదాకా లేదా పాతికేళ్లదాకా, ఏది ముందైతే అంతవరకు, కేంద్ర ఉద్యోగుల వైద్య పథకం సీజీహెచ్ఎస్ వర్తిస్తుంది. దానికి ఇంట్లో చెప్పాలి. ఇంట్లో చెప్పలేకే కదా మాత్రల స్ట్రిప్పును సాక్సుల్లో దాచుకునేది.

అమెరికాలో చదువు ముగిసినవారి సంగతి

మన పిల్లల్లో పెద్ద సంఖ్య అక్కడ ఎంఎస్ ముగించి ఓపీటీలోకి, అంటే చదువయ్యాక కొంతకాలం పనిచేసే అనుమతిలోకి, వెళుతోంది కాబట్టి ఒక్క మాట. యూనివర్సిటీ బీమా డిగ్రీతో ముగుస్తుంది. తల్లిదండ్రుల పాలసీలో 26 ఏళ్ల వరకు ఉండొచ్చన్న అక్కడి నియమం, తల్లిదండ్రులకు అమెరికన్ బీమా ఉన్నవారికే పనికొస్తుంది. గుంటూరులో ఉన్న తండ్రి పాలసీకి అది వర్తించదు. బీమా పోయిన నాటి నుంచి అరవై రోజుల్లో ప్రభుత్వ మార్కెట్‌ప్లేస్‌లో కొత్తది తీసుకునే ప్రత్యేక గడువు ఉంటుంది, అది దాటితే వార్షిక నమోదు దాకా ఆగాలి. ఫెడరల్ నిధులతో నడిచే కమ్యూనిటీ ఆరోగ్య కేంద్రాలు బీమా లేనివారికి ఆదాయాన్ని బట్టి ఫీజు తగ్గిస్తాయి. ఇండియా డాక్టరు చీటీ అక్కడి ఫార్మసీలో చెల్లదు.

మధ్యలో ఆగిన నెల

ఏ దారి ఎంచుకున్నా, అన్నింటికంటే ఖరీదైనది మధ్యలో ఆగడం. మేలో కాలేజీ వదిలి, జులైలో ఉద్యోగంలో చేరేదాకా ‘చూద్దాంలే’ అనుకున్న రెండు నెలలు. కుంగుబాటు మందులు అలవాటు పడే వ్యసనాలు కావు. అయినా హఠాత్తుగా ఆపితే కొందరికి తల తిరగడం, వికారం, నిద్ర పట్టకపోవడం, తలలో కరెంటు షాక్ కొట్టినట్టు అనిపించడం జరుగుతాయి. పరాక్సెటిన్, వెన్లాఫాక్సిన్‌లకు ఇది ఎక్కువ, శరీరంలో చాలా రోజులు నిలిచే ఫ్లూయాక్సెటిన్‌కు తక్కువ. ఈ లక్షణాలను చూసి కొందరు జబ్బు తిరగబెట్టిందనుకుంటారు, ఇంకొందరు మందుకు బానిసనయ్యాననుకుని భయపడతారు. రెండూ కాకపోవచ్చు. ఆల్‌ప్రజోలామ్ లాంటివి చాలాకాలం వాడి ఒక్కసారిగా ఆపితే మూర్ఛలు వచ్చే ప్రమాదం ఉంది. లిథియం ఉన్నట్టుండి ఆపినవారిలో జబ్బు తిరగబెట్టడం ఎక్కువ. అందుకే డాక్టర్లు ఇలాంటి మందులను మెట్టుమెట్టుగా దించుతారు.

ఇక్కడే మొదట చెప్పిన లేని గడి మళ్లీ గుర్తొస్తుంది. తన వైద్య రికార్డులు పొందే హక్కు రోగికి ఉందని 2017 మానసిక ఆరోగ్య చట్టం 25వ సెక్షన్ చెబుతుంది. 23వ సెక్షన్ ప్రకారం వైద్యులు వాటిని గోప్యంగా ఉంచాలి. కొత్త డాక్టరు మొదట అడిగేది జబ్బు పేరు ఒక్కటే కాదు. ఏ మందు, ఎంత మోతాదు, ఎన్నాళ్లుగా, అంతకుముందు ఏది ప్రయత్నించి వదిలేశారు అని. చివరి ప్రశ్నకు జవాబు కాగితం మీద లేకపోతే, రెండేళ్ల కిందట క్యాంపస్ డాక్టరు వాడి పనిచేయలేదని పక్కన పెట్టిన మందునే కొత్త డాక్టరు మళ్లీ మొదలుపెట్టొచ్చు. అది పనిచేస్తుందో లేదో తేలడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది.